జన్యువుకు ఇరుగుపొరుగుతో పనేమిటి?

మనిషి క్రోమోజోముల మీద ప్రోటీన్లకు సూత్రం చెప్పే జన్యువులు దాదాపు 20,000. ఏ జన్యువు పక్కన ఏది ఉందో ఇప్పుడు డిగ్రీ విద్యార్థి కూడా కంప్యూటర్‌లో చూసి చెప్పగలడు. ఆ వరుసకు అర్థమేమైనా ఉందా అని అడిగితే మాత్రం ఇద్దరు జన్యుశాస్త్రవేత్తలు ఒకే జవాబు చెప్పరు. ఎక్కడున్నా జన్యువు తన పని తాను చేసుకుపోతుందని ఒకరంటారు. పొరుగు మారితే దాని నడతే మారిపోతుందని మరొకరంటారు. ఇద్దరి దగ్గరా మంచి ప్రయోగాలే ఉన్నాయి కాబట్టి తగువు తెగడం లేదు.

నిజానికి ఇందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. పక్కనున్న జన్యువు వల్ల ఒక జన్యువు పనితీరు మారుతుందా అన్నది మొదటిది. కణం మీద ప్రయోగం చేస్తే అది తేలుతుంది. ఆ మార్పు జీవికి లాభించింది కనుకనే ప్రకృతి వరణం ఆ వరుసను నిలబెట్టిందా అన్నది రెండోది. ఇది చరిత్రకు సంబంధించిన ప్రశ్న, దీనికి కావలసిన సాక్ష్యాలు వేరు. ఇలాంటి సందర్భాలు జీనోమ్‌లో ఎన్ని ఉన్నాయి, ఇది నియమమా మినహాయింపా అన్నది మూడోది. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబునే రెండోదానికి రుజువుగా చూపడం, పేరుమోసిన రెండు మూడు ఉదాహరణలతో మూడోది తేలిపోయిందనుకోవడం ఈ రంగంలో పాత అలవాటు. గందరగోళంలో సగానికి కారణం అదే.

ఈగ కంటి దగ్గర మొదలు

1913లో ఆల్‌ఫ్రెడ్ స్టర్టివెంట్ డ్రోసోఫిలా ఈగ జన్యువులను ఒక గీత మీద దూరాలతో సహా పేర్చి తొలి జన్యుపటం గీశాడు. అప్పటికి ఆ వరుస ఉత్త చిరునామాల జాబితా. ఏ జన్యువు ఎక్కడుందో చెబుతుందే తప్ప దాని పనితో ఆ వరుసకు సంబంధం లేదని అందరి నమ్మకం. పన్నెండేళ్ల తరవాత ఆ నమ్మకానికి చిల్లు పెట్టింది కూడా ఆయనే. 'బార్' అనే లక్షణం ఉన్న ఈగకు కన్ను సన్నబడుతుంది. బార్ ప్రతులు రెండు క్రోమోజోముల మీద చెరొకటి ఉంటే కన్ను ఒక పరిమాణంలో ఉంది. అవే రెండూ ఒకే క్రోమోజోమ్ మీద పక్కపక్కన చేరితే ఇంకా చిన్నదయింది. మొత్తం మోతాదు ఒకటే, అమరిక మాత్రమే వేరు. ఇలా 'స్థాన ప్రభావం' అన్న మాట 1925లో శాస్త్రంలోకి వచ్చింది.

1930లో హెర్మన్ ముల్లర్ ఎక్స్‌రేలతో క్రోమోజోములను తెగగొట్టి ఇంకా విచిత్రమైనది చూశాడు. కంటికి ఎర్రరంగునిచ్చే జన్యువు చెక్కుచెదరకుండానే ఉంది. క్రోమోజోమ్ తెగి తిరగబడడం వల్ల అది దట్టంగా ముడుచుకున్న భాగం పక్కకు చేరింది. ఫలితంగా ఒకే కంటిలో కొంత మేర ఎరుపు, కొంత మేర తెలుపు మచ్చలు వచ్చాయి. ముడుచుకున్న పొరుగు తన ముడుతను ఈ జన్యువు మీదికీ కొన్ని కణాల్లో విస్తరించిందని, కొన్నింట్లో విస్తరించలేదని తరవాత తేలింది.

ఈ ఫలితాలను పట్టుకుని రిచర్డ్ గోల్డ్‌ష్మిట్ చాలా దూరం వెళ్లాడు. జన్యువనే విడి వస్తువే లేదని, క్రోమోజోమ్ మొత్తం అమరికే అసలు సంగతని 1940లో ప్రచురించిన పుస్తకంలో వాదించాడు. ఆ ముగింపు తప్పని సమకాలికులు అన్నారు, వాళ్లన్నది నిజమే. కానీ ముగింపుతో పాటు ప్రశ్నను కూడా పారేశారు. జంతువుల్లో వరుసకు అర్థముందేమో అని అడగడం చాలాకాలం పాటు మర్యాద కాని పని అయింది. ఆ ప్రశ్న బతికింది బాక్టీరియా ప్రయోగశాలల్లో.

ఆపెరాన్: ఎలా అన్నది తెలిసింది, ఎందుకు అన్నది తెలియలేదు

1950లలో మిలిస్లావ్ డెమెరెక్ సాల్మొనెల్లా బాక్టీరియాలో ట్రిప్టోఫాన్, హిస్టిడిన్ తయారీకి కావలసిన జన్యువులు గుంపుగా, ఇంచుమించు రసాయన చర్యల క్రమంలోనే ఉన్నాయని గమనించాడు. ఇది కాకతాళీయం కాదని ఆయన పట్టుబట్టాడు. 1961 నాటికి ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో దానికి యంత్రాంగం చూపించారు. ఈ.కోలిలో లాక్టోజ్ చక్కెరను వాడుకునే మూడు జన్యువులు ఒకే స్విచ్చు కింద ఉంటాయి. మూడింటికీ కలిపి ఒకే ఆర్‌ఎన్‌ఏ పోగు తయారవుతుంది. స్విచ్చు వేస్తే మూడూ పనిచేస్తాయి, తీస్తే మూడూ ఆగుతాయి. ఇలాంటి గుంపే ఆపెరాన్. 1965లో నోబెల్ బహుమతి వచ్చింది, పాఠ్యపుస్తకాలు ఆ బొమ్మనే అచ్చువేశాయి. అంతటితో ఆపెరాన్ ఎందుకు పుట్టిందో కూడా తెలిసిపోయిందని చాలామంది అనుకున్నారు.

తెలియలేదు. ఈ విషయంలో నాలుగు వాదాలున్నాయి. మొదటిది పుట్టుక వాదం: ఒక జన్యువే పదేపదే ప్రతులై పక్కపక్కన మిగిలిందని. ఆపెరాన్‌లోని జన్యువులు చాలాసార్లు ఒకదానికొకటి చుట్టాలు కావు కాబట్టి ఇది నిలవలేదు. రెండోది ఆర్.ఎ. ఫిషర్ ఆలోచనల నుంచి వచ్చింది: బాగా పొసిగిన జన్యువులు విడిపోకుండా దగ్గరగా ఉంటే మేలని. మూడోది సహనియంత్రణ: ఒకే స్విచ్చుతో నడపడమే లాభమని. నాలుగోదాన్ని 1996లో జెఫ్రీ లారెన్స్, జాన్ రోత్ ప్రతిపాదించారు. బాక్టీరియా ఒకదాని నుంచి ఒకటి డీఎన్‌ఏ ముక్కలను అందిపుచ్చుకుంటాయి. ఒక పనికి కావలసిన జన్యువులన్నీ ఒకే ముక్కలో ఉంటేనే ఆ బదిలీకి ప్రయోజనం. కాబట్టి గుంపు వల్ల లాభం ఆతిథ్యమిచ్చే జీవికి కాదు, ఆ జన్యువులకే. దీనికి 'స్వార్థ ఆపెరాన్' అని పేరు పెట్టారు.

ఆ వాదం అందమైనది, పరీక్షించడానికీ వీలైనది. అది నిజమైతే బదిలీ అయ్యే అవకాశం లేని, లేకపోతే జీవి బతకని జన్యువులు గుంపులుగా ఉండకూడదు. 2004లో చాబా పాల్, లారెన్స్ హర్స్ట్ చూస్తే అలాంటి జన్యువులే ఎక్కువగా గుంపుల్లో ఉన్నాయి. మరుసటి ఏడు మోర్గన్ ప్రైస్ బృందం కొత్తగా పుట్టిన ఆపెరాన్లను వెతికి, వాటిలో బయటినుంచి వచ్చినవాటికంటే పాత కాపురస్థులే ఎక్కువని, సహనియంత్రణే అసలు కారణమని తేల్చింది. బదిలీ వాదం మొత్తంగా కొట్టుకుపోలేదు. కొన్ని గుంపులకు అదే సరైన వివరణ. అయితే ఆపెరాన్లన్నిటికీ మూలకారణమన్న హోదా మాత్రం పోయింది.

2015లో సహనియంత్రణ వాదానికి మరో కోణం కలిసింది. రెండు భాగాలు అతుక్కుంటేనే పనిచేసే లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ ఉంది. ఆ రెండు భాగాల జన్యువులు ఒకే ఆర్‌ఎన్‌ఏ మీద పక్కపక్కన ఉంటే, ప్రోటీన్లు తయారవుతుండగానే దగ్గర్లో కలుసుకుని అతుక్కుంటున్నాయి. విడదీస్తే కూర్పు సామర్థ్యం తగ్గింది. అంటే పొరుగుతనం వల్ల లాభం స్విచ్చు దగ్గరే కాకుండా కణంలో భౌతికంగా ఎదురుపడే చోట కూడా ఉంటుందన్నమాట.

సీ.ఎలిగాన్స్ అనే సన్నని పురుగులో జన్యువుల్లో సుమారు 15 శాతం ఆపెరాన్లలో ఉన్నాయి. విచిత్రమేమిటంటే ఒకే ఆపెరాన్‌లో ఉన్న వాటి పనులకు చాలాసార్లు సంబంధం ఉండదు. ఆకలితో ఆగిపోయిన ఎదుగుదల మళ్లీ మొదలయ్యేటప్పుడు తక్కువ యంత్రాంగంతో ఎక్కువ జన్యువులను నడపడానికి ఇది పనికొస్తుందని 2011లో ఒక బృందం చూపించింది. బాక్టీరియా ఆపెరాన్ కథను యథాతథంగా జంతువులకు అప్పగించడం కుదరదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పొరుగింట్లో ఉన్న స్విచ్చు

పెద్ద జంతువుల్లో ఒక జన్యువు ఎప్పుడు, ఏ కణంలో, ఎంత పనిచేయాలో చెప్పే డీఎన్‌ఏ ముక్కలను ఎన్‌హాన్సర్లంటారు. అవి తాము నడిపే జన్యువు పక్కనే ఉండనక్కర లేదు. చేతివేళ్ల అమరికలో ముఖ్యమైన 'సోనిక్ హెడ్జ్‌హాగ్' జన్యువు ఎన్‌హాన్సర్ దానికి సుమారు పది లక్షల అక్షరాల దూరంలో, 'ఎల్‌ఎంబీఆర్1' అనే వేరే జన్యువు లోపల ఉందని 2003లో తేలింది. అక్కడ ఒక్క అక్షరం మారితే బిడ్డ ఆరువేళ్లతో పుట్టవచ్చు. ఎల్‌ఎంబీఆర్1కు వేళ్లతో ఏ సంబంధమూ లేదు, స్విచ్చు దాని లోపల ఉంది, అంతే. పాముల్లో ఈ ముక్క చెడిపోయింది. 2016లో పాము ముక్కను ఎలుకలో పెట్టి చూస్తే కాళ్లు బాగా కురచబడ్డాయి.

ఇక్కడి నుంచి పరిణామానికి ఒక ఫలితం వస్తుంది. ఎల్‌ఎంబీఆర్1 తన కోసం కాకపోయినా ఆ చోటు వదిలిపోలేదు. అది పోతే స్విచ్చు పోతుంది, స్విచ్చు పోతే కాళ్లు పోతాయి. ఇలాంటి బందీ జన్యువులు చేపల నుంచి మనిషి దాకా పొరుగును మార్చుకోకుండా ఉన్నాయని 2007 నుంచి పరిశోధనలు చూపుతున్నాయి. 2012లో మాన్యుయెల్ ఇరీమియా బృందం జంతువుల్లో అతి ప్రాచీన కాలం నుంచి విడిపోని, పనిలో సంబంధం లేని జంటలను సుమారు 600 లెక్కగట్టింది. ఈ జంటల వరుస నిలబడడానికి కారణం ప్రకృతి వరణమే. అయితే ఆ రెండు జన్యువులూ కలిసి పనిచేయడం వల్ల వచ్చిన లాభం మాత్రం కారణం కాదు. ఈ తేడా చాలా ముఖ్యమైనది. సమీక్షల్లో తరచూ జారిపోయేదీ ఇదే.

మనకు దగ్గరి ఉదాహరణ పాలు. పెద్దయ్యాక కూడా పాలలోని లాక్టోజ్‌ను అరిగించుకునే శక్తి లాక్టేజ్ జన్యువు ఆగిపోకుండా ఉండడం వల్ల వస్తుంది. ఆ మార్పు లాక్టేజ్ జన్యువులో లేదు. దానికి దాదాపు 14,000 అక్షరాల అవతల, డీఎన్‌ఏ నకలుకు తోడ్పడే 'ఎంసీఎం6' అనే పొరుగు జన్యువు లోపల ఉందని 2002లో ఫిన్లండ్ పరిశోధకులు కనిపెట్టారు. భారతీయుల్లో పాలు అరిగేవారిలో ఎక్కువమందికి ఉన్నదీ ఇదే మార్పని 2012లో తేలింది. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ అది తగ్గుతుంది.

ఊబకాయం కథలో ఇంకా పెద్ద పొరపాటు జరిగింది. 2007లో 'ఎఫ్‌టీఓ' అనే జన్యువు లోపలి మార్పుకూ బరువుకూ సంబంధం కనబడింది. పత్రికలు దానికి 'ఊబకాయం జన్యువు' అని పేరు పెట్టాయి. 2014లో చూస్తే ఆ మార్పున్న ప్రాంతం నడుపుతున్నది దాదాపు ఐదు లక్షల అక్షరాల దూరంలో ఉన్న 'ఐఆర్‌ఎక్స్3'ను. మరుసటి ఏడాది 'ఐఆర్‌ఎక్స్5' పేరు కూడా చేరింది. జబ్బుల జన్యువుల జాబితాల్లో ఇలా పొరుగు పేరు మోస్తున్నవి ఇంకా చాలా ఉండే అవకాశం ఉంది. దొరికిన మార్పుకు దగ్గర్లో ఉన్న జన్యువు పేరు తగిలించేయడం చాలాకాలం పాటు ఈ రంగపు వాడుక.

ఇల్లు మారితే ఏమవుతుంది?

స్థాన ప్రభావాన్ని నమ్మేవారికి బలమైన సాక్ష్యం ఆసుపత్రుల నుంచే వచ్చింది. 1983లో ఒక డచ్ కుటుంబంలోని తలసీమియాను పరిశీలిస్తే, వాళ్ల బీటా గ్లోబిన్ జన్యువు నిక్షేపంగా ఉంది. దాని ఎగువన లక్ష అక్షరాల మేర తెగిపోయింది, జన్యువు మూగబోయింది. ఆ తెగిపోయిన ముక్కలో గ్లోబిన్ జన్యువులన్నిటినీ నడిపే కేంద్రం ఉందని 1987లో ఫ్రాంక్ గ్రోస్వెల్డ్ బృందం చూపించింది. ఆల్ఫా గ్లోబిన్‌లో దీనికి తిరగబడ్డ కథ ఒకటి 2003లో బయటపడింది. ఒక రోగిలో మధ్యభాగం తెగిపోవడంతో ఎక్కడో ఉండవలసిన 'ఎల్‌యూసీ7ఎల్' అనే జన్యువు ఆల్ఫా గ్లోబిన్ పక్కకు వచ్చి చేరింది. అది ఎదురు దిశలో ఆర్‌ఎన్‌ఏ చదివించి, గ్లోబిన్ స్విచ్చు మీద మిథైల్ ముద్రలు పడేలా చేసి దాన్ని ఆర్పేసింది. మంచి జన్యువును కొత్త పొరుగు పాడుచేయడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

2012లో చిత్రం మారింది. క్రోమోజోమ్ కేంద్రకంలో ఎలా మడతపడి ఉంటుందో కొలిచే పద్ధతులతో, జన్యువులు లక్షల అక్షరాల పొడవున్న మండలాలుగా చుట్టుకుని ఉంటాయని రెండు బృందాలు ప్రకటించాయి. ఒక మండలంలోని ఎన్‌హాన్సర్ మామూలుగా అదే మండలంలోని జన్యువులతోనే మాట్లాడుతుంది. సరిహద్దుల దగ్గర సీటీసీఎఫ్ అనే ప్రోటీన్, ఉచ్చులు వేసే కోహెసిన్ ఉంటాయి. ఈ ఊహ కుదురుకుంటే ఇరుగుపొరుగు అంటే పక్కనుండడం కాదు, ఒకే మండలంలో ఉండడం అని అర్థం మారుతుంది. 2015లో దారియో లుపియానెజ్ బృందం 'ఈపీహెచ్‌ఏ4' ప్రాంతంలో సరిహద్దు తెగిన కుటుంబాల్లో వేళ్లు వికృతంగా ఏర్పడడం చూసింది. అవే కోతలను ఎలుకలో పెట్టి అవే వికారాలను చూపించింది. తప్పు మండలంలోకి దారి దొరికిన ఎన్‌హాన్సర్ తనది కాని జన్యువును నడిపింది.

రెండేళ్లకే ఎదురు గాలి వీచింది. 2017లో కణాల్లోని కోహెసిన్‌ను తీసేసి చూస్తే మడతల ఉచ్చులన్నీ మాయమయ్యాయి, జన్యువుల పనితీరు మాత్రం కొద్దిగానే మారింది. 2019లో యాద్ ఘావి-హెల్మ్, ఐలీన్ ఫర్లాంగ్ బృందం వాడింది ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా పెంచుతున్న 'బాలెన్సర్' క్రోమోజోముల ఈగలను. ఆ క్రోమోజోములు ముక్కలై, తిరగబడి, మళ్లీ అతికినవి. మండలాలు ఎన్నో చెదిరిపోయి ఉన్నాయి. అయినా చాలా జన్యువులు తమ పాత తీరులోనే పనిచేశాయి. అదే ఏడాది ఎలుకలో 'సాక్స్9' దగ్గర సరిహద్దు తీసేస్తే పెద్ద తేడా రాలేదు. అక్కడే ముక్కను తిరగేస్తే వచ్చింది.

ఈ రెండు కుప్పల ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని అనుకోవడం తొందరపాటు. ఆసుపత్రికి వచ్చేవాళ్లు జబ్బు కనబడ్డవాళ్లే. ఏ హానీ జరగని అమరిక మార్పులు ఎవరి కంటా పడవు. ఈగల క్రోమోజోములు మరో వైపు వడపోతకు గురయ్యాయి: ప్రాణం తీసే మార్పులున్న ఈగలు ఎప్పుడో చచ్చిపోయాయి, మిగిలినవే ప్రయోగశాలకు చేరాయి. ఎవరు ఏ జల్లెడ పట్టారో చూడకుండా ఫలితాలను పోల్చడం వల్లే ఈ వాదం ఇంత వేడెక్కింది.

కలిసి పలకడం: ఏర్పాటా, చిందులా?

2000లో ఈస్ట్ జీనోమ్‌ను చూసిన జార్జ్ చర్చ్ బృందానికి పక్కపక్కనున్న జన్యువులు ఒకే సమయంలో పనిచేయడం ఎక్కువగా కనిపించింది. 2001లో మనిషిలో బాగా చురుకైన జన్యువుల గుంపులు దొరికాయి. మరుసటి ఏడాది ఈగలో జన్యువుల్లో ఐదో వంతు 10 నుంచి 30 దాకా ఉండే గుంపుల్లో కలిసి పలుకుతున్నాయని, అంటే ఒకే సమయంలో పనిచేస్తున్నాయని స్పెల్‌మన్, రూబిన్ ప్రకటించారు. అదే ఏడాది లెర్చర్, హర్స్ట్ మనిషిలో ఈ గుంపుల రహస్యాన్ని చాలావరకు విప్పారు: అన్ని కణాలకూ నిత్యం కావలసిన 'ఇంటిపని' జన్యువులు ఒకచోట చేరడమే దానికి మూలం.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. జన్యువు ప్రతి అయినప్పుడు కొత్తది చాలాసార్లు పాతదాని పక్కనే పడుతుంది. వరిలో ముంపును తట్టుకునే శక్తినిచ్చే 'సబ్1ఏ' అలాంటిదే. తన చుట్టాలైన సబ్1బీ, సబ్1సీలతో కలిసి తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది. చుట్టాలు ఒకేలా పలకడంలో వింత లేదు. కాబట్టి లెక్కలో ముందు ఇలాంటి జంటలను తీసేయాలి. తొలి అధ్యయనాల్లో ఈ జాగ్రత్త అన్నిచోట్లా సమానంగా లేదు. తీసేసిన తరవాత కూడా సంబంధం మిగులుతుంది, అయితే తగ్గుతుంది.

మిగిలినదానికి అర్థమేమిటి? 2008లో వచ్చిన రెండు పరిశోధనలు ఈ విషయంలో కళ్లు తెరిపించాయి. ఒకదానిలో ఒక జన్యువు హఠాత్తుగా చురుకైతే ఆ చురుకు అలలా పొరుగు జన్యువులకూ పాకడం కనబడింది, వాటి అవసరం ఉన్నా లేకపోయినా. రెండోదానిలో బెన్-యాంగ్ లియావో, జియాన్జి జాంగ్ క్షీరదాల్లో కలిసి పలికే పొరుగు జంటలు కాలక్రమాన ఎక్కువగా విడిపోతున్నాయని చూపించారు. అంటే కలిసి పలకడం చాలాసార్లు లాభం కాదు, సహించవలసి వచ్చిన నష్టం. 2017లో గియోర్గ్ కుస్టాట్‌షర్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. పొరుగు జన్యువుల ఆర్‌ఎన్‌ఏలు కలిసి హెచ్చుతగ్గులవుతున్నా ప్రోటీన్ స్థాయికి వచ్చేసరికి ఆ సంబంధం చాలావరకు చెరిగిపోతోంది. కణం పొరుగు చిందులను తుడిచేసుకుంటోందన్నమాట. ఇంతకాలం ఆర్‌ఎన్‌ఏను మాత్రమే కొలిచి 'కలిసి పనిచేస్తున్నాయి' అని రాసిన వ్యాసాలన్నిటినీ ఈ వెలుగులో మళ్లీ చదవాలి.

అలాగని ఏర్పాటు లేనేలేదని కాదు. ఈస్ట్‌లో అల్లాంటాయిన్‌ను వాడుకునే ఆరు జన్యువులు ఒకప్పుడు వేర్వేరు చోట్ల ఉండి, తరవాత ఒక చోటికి వచ్చి చేరాయని 2005లో వాంగ్, వుల్ఫ్ చూపించారు. నల్లమందు గసగసాల మొక్కలో నాస్కపీన్ తయారుచేసే పది జన్యువులు ఒకే గుంపుగా 2012లో దొరికాయి. వరిలో తెగుళ్లను ఎదిరించే మోమిలాక్టోన్ జన్యువులు నాలుగో క్రోమోజోమ్ మీద గుంపుగా ఉన్నాయి. దారి మధ్యలో తయారయ్యే పదార్థాలు విషపూరితమైతే జన్యువులు విడివిడిగా వారసత్వంలోకి పోవడం ప్రమాదం, అందుకే గుంపులని ఒక వివరణ. ఓట్స్ వేళ్లలో దీనికి కొంత ఆధారముంది. కానీ పూల రంగులకు కారణమైన ఆంథోసయనిన్ జన్యువులు ఎక్కువ మొక్కల్లో చెల్లాచెదురుగా ఉండి కూడా చక్కగా పనిచేస్తున్నాయి. గుంపు కట్టిన దారులను లెక్కపెట్టి, కట్టనివాటిని వదిలేస్తే ఏ వాదమైనా నెగ్గుతుంది.

హాక్స్: అందరూ తలో వైపుకు లాగే ఉదాహరణ

1978లో ఎడ్వర్డ్ లూయిస్ ఈగ దేహభాగాలను నిర్ణయించే జన్యువులు క్రోమోజోమ్ మీద ఏ వరుసలో ఉన్నాయో, తల నుంచి తోక దాకా దేహంలో అదే వరుసలో పనిచేస్తాయని రాశాడు. మనిషిలో ఇలాంటి 39 హాక్స్ జన్యువులు నాలుగు గుంపుల్లో ఉన్నాయి. వరుసకు అర్థముందని చెప్పడానికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఇంకేం కావాలి?

2004లో ఓయికోప్లూరా అనే చిన్న సముద్రజీవి జవాబిచ్చింది. దాని హాక్స్ జన్యువులు గుంపు చెదిరి ఎక్కడెక్కడో ఉన్నాయి, దేహంలో ముందువెనకల క్రమం మాత్రం నిలిచింది. 2015లో ఆక్టోపస్ జీనోమ్‌లోనూ గుంపు విరిగిపోయి కనబడింది. లూయిస్ చూసిన ఈగలో కూడా గుంపు రెండు ముక్కలే, దాని దూరపు బంధువు డ్రోసోఫిలా విరిలిస్‌లో తెగిన చోటు వేరు. డెనిస్ డుబుల్ దీన్ని తిరగేసి చదివాడు: వెన్నెముకగల జీవుల్లో కనిపించే బిగువైన గుంపు ఆదిమ స్థితి కాదు, తరవాత తరవాత బిగుసుకున్నది. హాక్స్ జన్యువులు కాలంతో పాటు ఒకదాని తరవాత ఒకటి మేల్కొనవలసిన జీవుల్లోనే గుంపు నిలుస్తుంది, ఆ అవసరం తీరినచోట చెదురుతుంది. ఈ విషయంలో ఇప్పటికున్న వివరణల్లో ఇదే బలమైనది.

విడిపోకూడని జంటలు

ఇంతవరకు చూసిన వాదాలు నియంత్రణ చుట్టూ తిరిగాయి. వారసత్వం వైపు నుంచి వచ్చే వాదం వేరు. సంతానోత్పత్తిలో క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి, దగ్గరున్న జన్యువులు అరుదుగా విడిపోతాయి. కలిసి ఉంటేనే లాభమైన రెండు రూపాలను దగ్గరగా ఉంచే మార్పును ప్రకృతి వరణం ఇష్టపడుతుంది. మన ఇళ్లలో కరివేపాకు, నిమ్మ చెట్ల మీద గుడ్లు పెట్టే 'కామన్ మార్మన్' సీతాకోకచిలుక దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. దాని ఆడవి కొన్ని మగదానిలాగే ఉంటాయి, కొన్ని పక్షులు తినని 'కామన్ రోజ్'లా, మరికొన్ని 'క్రిమ్సన్ రోజ్'లా వేషం వేస్తాయి. రంగుకొకటి, రెక్క ఆకారానికొకటిగా చాలా జన్యువులు బిగుసుకుపోయిన 'సూపర్‌జీన్' ఇందులో ఉండాలని క్లార్క్, షెపర్డ్ కాలం నుంచి ఊహ. 2014లో బెంగళూరు ఎన్‌సీబీఎస్‌కు చెందిన కృష్ణమేఘ్ కుంటే, సహచరులు చూస్తే ప్రధానంగా ఒకే జన్యువు, డబుల్‌సెక్స్, తిరగబడిన ముక్కలో దొరికింది. ఆ ముక్కలోని పొరుగు జన్యువులకూ పాత్ర ఉందా అన్న చర్చ తరవాత మళ్లీ మొదలైంది. హెలికోనియస్ న్యుమాటా సీతాకోకల్లో మాత్రం చాలా జన్యువులున్న తిరగబడిన ముక్కలే 2011లో బయటపడ్డాయి.

ప్రిములా పూల కథ ఇంకా గమ్మత్తైనది. కీలం పొడవుగా ఉన్న పూలు, పొట్టిగా ఉన్న పూలు వేర్వేరు మొక్కల మీద పూస్తాయి. ఈ తేడాను పక్కపక్కన బిగిసిన జన్యువులు నడుపుతున్నాయని దశాబ్దాలు నమ్మారు. 2016లో తెలిసింది: ఐదు జన్యువులున్న ఆ ముక్క ఒక రకం మొక్కల్లో ఒక ప్రతిగా ఉంది, రెండో రకంలో అసలే లేదు. జత లేనప్పుడు ముక్కలు మార్చుకునే ప్రశ్నే రాదు. పాత ఊహ ఫలితంలో సరైనదే, యంత్రాంగం మాత్రం ఎవరూ అనుకోనిది.

ఈ బంధం పంట వంగడాలు తయారుచేసేవారికి రోజువారీ తలనొప్పి. పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టిన స్వర్ణ వరిలోకి ఒడిశా నాటు రకం నుంచి సబ్1ను తెచ్చేటప్పుడు, దాని వెంట పనికిరాని పొరుగు జన్యువులు రాకుండా రెండు వైపులా తెగిన మొక్కలను డీఎన్‌ఏ గుర్తులతో ఏరవలసి వచ్చింది.

ఎక్కడ తెగుతాయి, ఎక్కడ తెగవు

జాతులు విడిపోయేకొద్దీ క్రోమోజోములు తెగి అతుకుతుంటాయి. ఎలుక, మనిషి పటాలను పోల్చి 1984లో నాడో, టేలర్ ఈ కోతలు ఎక్కడైనా సమానంగా పడతాయన్నారు. 2003లో పెవ్జ్‌నర్, టెస్లర్ అవే చోట్లు మళ్లీ మళ్లీ తెగుతున్నాయని ఎదురు వాదించారు. తెగే బలహీనత వల్లనా, తెగితే బతకని చోట్లు మిగిలిపోవడం వల్లనా అన్నది ఇప్పటికీ పూర్తిగా విడదీయలేకపోయారు.

పెద్ద స్థాయిలో మాత్రం ఆశ్చర్యకరమైన నిలకడ కనబడుతోంది. సముద్రపు అనిమోన్ నుంచి మనిషి దాకా ఒకే క్రోమోజోమ్‌కు చెందిన జన్యువులు పదుల కోట్ల ఏళ్ల తరవాత కూడా చాలావరకు ఒకే క్రోమోజోమ్ మీద ఉన్నాయి, వాటి లోపలి వరుస మాత్రం కలగాపులగమైంది. రెండు క్రోమోజోములు అతుక్కుని లోపల కలిసిపోతే మళ్లీ విడదీయలేం కదా! 2023లో ఈ తర్కంతోనే జంతువుల వంశవృక్షంలో మొట్టమొదట విడిపోయినవి స్పాంజిలు కాదు, కాంబ్ జెల్లీలని ఒక బృందం వాదించింది. దానిమీద వాదం నడుస్తూనే ఉంది. వరుస నిలిచిందా చెదిరిందా అన్న ప్రశ్నకు జవాబు ఏ కొలబద్దతో చూశామన్నదాని మీద ఆధారపడుతుందని ఇది చెబుతోంది.

ఇంకో చివర 2018లో చైనా శాస్త్రవేత్తలు ఈస్ట్‌లోని 16 క్రోమోజోములను ఒకదానికొకటి అతికి ఒక్కటే చేశారు. అది బతికింది, పెరిగింది. మామూలు ఈస్ట్‌తో పోటీలో పెడితే మాత్రం వెనకబడింది. అమరికకు విలువే లేదనడానికి దీన్ని సాక్ష్యంగా ఎందరో వాడారు. నిజానికి ఇందులో అతుకుల దగ్గర తప్ప ఏ జన్యువుకూ పక్కవాళ్లు మారలేదు. ఈ ప్రయోగం పొరుగు గురించి ఏమీ చెప్పదు, క్రోమోజోముల సంఖ్య గురించి చెబుతుంది. దానికంటే, అతి తక్కువ జన్యువులతో బతికే బాక్టీరియాను తయారుచేసిన 2016 నాటి ప్రయోగం ఈ ప్రశ్నకు దగ్గరైనది. అందులో జీనోమ్‌లో ఎనిమిదో వంతును జన్యువుల పనిని బట్టి కొత్త వరుసలో పేర్చినా కణం ఇంచుమించు మునుపటిలాగే పెరిగింది.

వాదాలను పక్కపక్కన పెడితే

ఏర్పాటు వాదులకు ఆపెరాన్లు, మొక్కల గుంపులు, సూపర్‌జీన్లు బలం. వాళ్ల బలహీనత లెక్క: ఎంచుకున్న ఉదాహరణలు ఎంత మెరిసినా మొత్తం జన్యువుల్లో కొద్దిపాటివే. యాదృచ్ఛికత వాదులకు కుస్టాట్‌షర్ ఫలితం, ఈగ బాలెన్సర్లు, కలగాపులగమైన వరుసలు బలం. వాళ్ల బలహీనత కొలత: ప్రయోగశాలలో ఒక శాతం తేడా పట్టుకోవడమే కష్టం, ప్రకృతి అంతకంటే చాలా సన్నని తేడాను కూడా పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న బందీ వాదానికి ఎన్‌హాన్సర్ సాక్ష్యం గట్టిది. అయితే ఎవరు ఎవరికి బందీ అయ్యారో ఒక్కో చోట విడిగా నిరూపించాలి.

ఈ మూడింటినీ కొంతవరకు కలిపే మాట జనాభా పరిమాణం. మైకేల్ లించ్ వాదన ప్రకారం ఒక మార్పు ఇచ్చే లాభం ఎంత చిన్నదైతే దాన్ని గుర్తించడానికి అంత పెద్ద జనాభా కావాలి. మనిషి పూర్వీకుల ప్రభావవంతమైన జనాభా దీర్ఘకాలంలో సుమారు 10,000 అనుకుంటే, మరీ సన్నని లాభాలు కాకతాళీయంలో కొట్టుకుపోతాయి. బాక్టీరియాలో అదే సంఖ్య కోట్లలో ఉంటుంది. బాక్టీరియా వరుస కుదురుగా, మన వరుస చిందరవందరగా ఉండడానికి ఇది సహజమైన వివరణ. ఈ లెక్కన డెమెరెక్ సాల్మొనెల్లాలో చూసింది క్షీరదాల్లో దొరకకపోవడం వింతేమీ కాదు. పొరుగు ప్రభావం రెండు చోట్లా ఉండవచ్చు, దాన్ని చక్కదిద్దే పదును ఒకచోటే ఉంది. జంతువుల్లో ఒక గుంపు కనిపించినప్పుడు ముందుగా ప్రతులుగా పుట్టడం, ఆపైన చిందులు, ఆపైన బందీతనం, చివరికి ఏర్పాటు అనే క్రమంలో అనుమానించడమే న్యాయం. ఇప్పుడు చాలా వ్యాసాల్లో ఈ క్రమం తలకిందులుగా నడుస్తోంది.

తేలవలసినవి

మొదటిది పరిమాణం. క్రిస్పర్ అనే జన్యుసవరణ పద్ధతితో ఒక్క జన్యువును కూడా పాడుచేయకుండా పొరుగును మాత్రమే మార్చి, కణ ప్రవర్తనతో ఆగకుండా తరాల తరబడి మనుగడను కొలిచిన ప్రయోగాలు ఈస్ట్, బాక్టీరియాలను దాటి పెద్దగా లేవు. రెండోది హెచ్చుతగ్గుల ప్రశ్న: ప్రాణాధార జన్యువులు నిత్యం తెరిచి ఉండే ప్రాంతాల్లో చేరడం వాటి ఉత్పత్తిలో ఒడుదొడుకులను తగ్గించడానికేనని 2007లో బటాడా, హర్స్ట్ సూచించారు. ఈస్ట్‌లో దీనికి ఆధారాలున్నాయి, క్షీరదాల్లో ఇంకా పలచగా ఉన్నాయి. మూడోది మండలాలు: అవి కారణమా, జన్యువులు పనిచేయడం వల్ల పడిన జాడలా అన్నది ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా తేలుతోంది.

ఈ ప్రశ్నలు ఆసుపత్రులను ఇప్పటికే తాకుతున్నాయి. ఇప్పుడు పూర్తి జీనోమ్ చదివించుకునే కుటుంబాల్లో క్రోమోజోమ్ ముక్క తిరగబడ్డ సందర్భాలు బయటపడుతున్నాయి. కొన్నింటిలో ఏ జన్యువూ తెగదు, కొత్త పొరుగు మాత్రమే వస్తుంది. లుపియానెజ్ ఫలితాన్ని నమ్మితే అది జబ్బుకు కారణం కావచ్చు, ఘావి-హెల్మ్ ఫలితాన్ని నమ్మితే కాకపోవచ్చు. ఏది నిజమో ముందుగా చెప్పగల సూత్రం లేదు కాబట్టి అలాంటివాటిలో చాలా భాగం నివేదికల్లో 'ప్రాముఖ్యం నిర్ధారణ కాలేదు' అన్న గడిలోకే చేరుతున్నాయి.